రెండు చుక్కల సారు

మొన్న వాట్సాప్‌లో ఒక దశదినకర్మ కార్డు వచ్చింది. కోడేరు నుంచి. పైన దండ వేసిన ఫొటో, కింద కొడుకుల పేర్లు, కోడళ్ళ పేర్లు, భోజనాలు ఎక్కడో ఆ చిరునామా, అన్నీ ఉన్నాయి. మధ్యలో బంగారు రంగు అక్షరాల్లో ఇలా ఉంది: "ఉదయం 11.60 నిమిషాలకు".

నాకు నవ్వొచ్చింది. చావు కార్డు చూసి నవ్వకూడదని తెలుసు. వనపర్తి బస్టాండులో చుట్టూ జనం ఉన్నారని కూడా తెలుసు. అయినా ఆగలేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ "ఏందమ్మా, మంచి కబురేనా?" అని అడిగింది.

"కాదమ్మా, మా సారు పోయిండు" అన్నాను.

ఆవిడ సంచీ తీసుకుని కొంచెం దూరం జరిగి కూర్చుంది.

ఆ సారే గనక ఈ కార్డు చూసి ఉంటే, పోయింది ఎవరని ముందు అడిగేవాడు కాదు. పదకొండు గంటల అరవై నిమిషాలంటే ఏ లోకంలో టైమని అడిగేవాడు. గంటకూ నిమిషానికీ మధ్య రెండు చుక్కలు పెట్టాల్సిన చోట ఒకే చుక్క పెట్టినందుకు ప్రెస్సు వాణ్ణి పిలిపించి, గంటసేపు నిలబెట్టి పాఠం చెప్పేవాడు. ఆ గంటలో తను వెళ్ళాల్సిన ఇంకో చోటికి ఆలస్యమయ్యేవాడు.

ఆయన కింద నేను నాలుగేళ్ళు పనిచేశాను. గద్వాల దాటి ధరూరు వైపు పోయే దారిలో చిన్న ఆఫీసు. పంపులు కృష్ణ నీళ్ళను ఎత్తి కాలువలో పోస్తాయి. కాలువ గట్టున తూములుంటాయి, ఒక్కో తూము కింద పదిమందో ఇరవైమందో రైతులుంటారు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు ఎవరి పొలానికి నీళ్ళు తిప్పాలో చెప్పే వంతుల పట్టీ తయారు చేయడం మా పని. సారు అధికారి. నేను ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్ని. రోజూ వనపర్తి నుంచి పెబ్బేరు మీదుగా గద్వాలకు బస్సు, అక్కడినుంచి షేర్ ఆటో. మూడో మనిషి మహబూబ్ చాచా, అటెండరు. ఆఫీసు తాళంచెవి, కిటికీలు, స్టవ్వు ఆయన చేతిలో ఉండేవి. అంటే నిజానికి ఆఫీసంతా ఆయన చేతిలోనే ఉండేది.

లోకమంతా రంగుల గళ్ళ ప్రోగ్రాముల్లో లెక్కలు చేసుకుంటుంటే మా సారు మాత్రం మామూలు అక్షరాల ఫైల్లో పట్టీలు గీసేవాడు. కీబోర్డు మీద నిలువు గీత ఒకటి కొట్టి, పేరు రాసి, మళ్ళీ నిలువు గీత కొట్టి, టైం రాసి, కింద చిన్నచిన్న అడ్డగీతలతో గట్టు కట్టేవాడు. ఆయన కీబోర్డులో నిలువు గీత మీట అరిగి నున్నగా అయిపోయింది. పట్టీ కింద ఒక వరుసలో సూత్రం రాస్తే చాలు. వంతు మొదలయ్యే టైముకు వంతు నిడివి కలిపి, ముగిసే టైం కంప్యూటరే వేసేది.

నేను చేరిన కొత్తలో, రంగుల గళ్ళలో చేస్తే తేలిక కదా సార్ అన్నాను. నేనేదో పాడు మాట అన్నట్టు చూశాడు.

"గా రంగుల డబ్బాల నువ్వు ఆరు గంటలు అని కొడ్తె, అది తారీఖు అనుకుంటది. రాత్రి పదికి మొదలుపెట్టి పొద్దున ఆరుకు బంద్ అంటే, గడి నిండ హాష్ గుర్తుల ముండ్లకంచె ఏస్తది. టైం అంటే జర మర్యాద ఉండాలె గదమ్మా."

టైముకు మర్యాద ఇవ్వాలని చెప్పే ఈ మనిషి ఏనాడూ పది గంటలకు ఆఫీసుకు రాలేదు. పదకొండు దాటాక బండి దిగేవాడు. వచ్చి హాజరు పుస్తకంలో 10:00 అని, రెండు చుక్కలు పొందిగ్గా పెట్టి మరీ రాసేవాడు. ఒకరోజు చాచా ఉండబట్టలేక "సార్, గడియారంల పదకొండున్నర అయితుంది" అన్నాడు.

"వచ్చిన టైం వేరు, రాసిన టైం వేరు. రెండూ వేరే వేరే గడులు, మహబూబ్ భాయ్" అన్నాడు సారు. చాచా ఆ ముక్కను నెల రోజులు అందరికీ చెప్పుకుని తిరిగాడు.

సూత్రం చివర సెమికోలన్ పెట్టి, పక్కన టీ అనే ఇంగ్లీషు అక్షరం పెట్టాలన్నది సారు నాకు నేర్పిన మొదటి పాఠం. నాలుగేళ్ళూ అదే పాఠం. పెద్ద టీ పెడితే గడుల్లోని అంకెలను గంటలు, నిమిషాలుగా చదివి, జవాబు కూడా అలాగే ఇస్తుంది. చిన్న టీ పెడితే జవాబును గంటలో భాగంగా మార్చి ఇస్తుంది. గంటన్నర పెద్ద టీకి 1:30, చిన్న టీకి 1.5. ఏ టీ పెట్టకపోతే దానికి తోచిన అర్థం అది చేసుకుంటుంది.

రోజుకు నాలుగుసార్లన్నా తన గదిలోంచి కేకేసేవాడు: "ఏమ్మా, టీ పెట్టినవా?"

వరండాలోంచి మహబూబ్ చాచా జవాబు చెప్పేవాడు: "ఇప్పుడే పెట్టిన సార్, మరుగుతుంది!"

మొదట్లో నవ్వేవాళ్ళం. తర్వాత నవ్వడం మానేశాం. సారు మాత్రం ఏ రోజూ నవ్వలేదు. ఆయనకు అందులో జోకుందని తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. చాచాకు మాత్రం తెలుసు. కావాలనే అనేవాడు.

ఒకసారి నేను ఆ అక్షరం మరిచిపోయాను. పట్టీలో ఒక రైతు వంతు ముగిసే టైం పిచ్చి అంకెగా వచ్చింది. ఎవరికీ నష్టం లేదు, ప్రింటు కూడా తీయలేదు. అయినా సారు పంపుల దగ్గర పనిచేసే ఆరుగురిని లోపలికి పిలిచి, నన్ను కంప్యూటరు పక్కన నిలబెట్టి, "డిగ్రీ చదివిన పిల్ల. ఒక్క అక్షరం ఏస్తెనే చేతులరుగుతయట. గిట్లైతే నీళ్ళు ఏడికి పోతయి? నువ్వే చెప్పు" అన్నాడు. ఆ ఆరుగురూ తలలు దించుకున్నారు. ఆ రోజు బస్సులో పెబ్బేరు దాకా ఏడ్చాను. పెబ్బేరు దాటాక తిట్టుకున్నాను.

ఆయన రిటైర్ అవడానికి ముందు యాసంగి పంట కాలంలో సవారమ్మ వచ్చింది.

ఆమెది మా పరిధిలో చివరి తూము కింద ఎకరంలోపు చేను, పల్లి వేసింది. భర్త లేడు. యాభై దాటిన మనిషి. ఒక సోమవారం పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చుంది. సారు పదకొండుంబావుకు వచ్చేదాకా కూర్చునే ఉంది.

"సారూ, నా చేనుకు నీళ్ళు సరిపోతలేవు. పోయినేడు నా వంతుకు పది మళ్ళు తడిసేటివి. గీ యేడు ఆరు తడవంగనే తూము మూస్తుండు."

"లష్కర్‌ను అడిగినవా?"

లష్కర్ అంటే తూములు తెరిచి మూసే మనిషి.

"అడిగిన. కాగితం జూపిచ్చిండు. సార్ రాసిండు, నేనేం జేస్త అంటుండు."

సారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన వెనక్కి వాలాడంటే పాఠం మొదలైనట్టే. "సూడమ్మా, టైం తప్పు గాదు. కాలువల నీళ్ళ జోరు తక్కువుందేమో. నీ బోదెల గడ్డి పెరిగిందేమో. ఎలుక బొక్కలున్నయేమో. నా పట్టీల మాత్రం టైం తప్పు రాదు. వంతు ఎన్ని నిమిషాలో ఎర్కేనా నీకు?"

"నాకు టైం తెల్వదు సారూ. మళ్ళు తెలుసు."

"గదే మరి. టైం తెల్వకుంట టైం తప్పంటే ఎట్ల?"

ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ సోమవారం వచ్చింది. ఈసారి సారు పట్టీ ప్రింటు తీయించి ఆమె చేతిలో పెట్టాడు, చదువు రాని మనిషికి. ఆమె ఆ కాగితాన్ని కాసేపు చూసి, మడిచి, కొంగులో కట్టుకుంది. "గీ కాగితం తడుస్తలేదు సారూ, చేను తడవాలె" అంది. సారు అప్పటికే కంప్యూటరు వైపు తిరిగాడు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు నేను పట్టీ తెరిచాను. సవారమ్మ మీద జాలితో తెరిచానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. ఆయన తప్పు పట్టాలని తెరిచాను. తప్పు వెతుక్కోవలసిన పని లేకుండా ఎదురుగా ఉంది. నిడివి వరుసలో పైనుంచి కిందిదాకా ఒక్కచోట కూడా రెండు చుక్కలు లేవు. అన్నీ ఒంటి చుక్కలే.

ఏం జరిగిందో ఫైలే చెప్పింది. సారుకు ఒక అలవాటు ఉండేది. ఫైల్లో ఏ మార్పు చేసినా అట్టడుగున ఒక వరుసలో రోజు, టైం, చేసిన పని రాసేవాడు. అక్కడ ఇలా ఉంది: "శనివారం 13:52. పై ఆఫీసు కొరకు చుక్కలు మార్చబడినవి." పై ఆఫీసు వాళ్ళు గంటలను పాయింట్లలో పంపమన్నారు. ఒక చిన్న టీ పెడితే సరిపోయే పని. యాభై నిమిషాలు 0.83 అయ్యేది. సారుకు రెండింటికి బస్సుంది. ప్రతి శనివారం కోడేరులో ఇంటికి పోతాడు. నిడివి వరుసలో రెండు చుక్కలున్న ప్రతిచోటా ఒక చుక్క పెట్టమని ఒకే దెబ్బలో కంప్యూటరుకు చెప్పి బస్సెక్కాడు. 0:50 కాస్తా 0.50 అయింది. ఒంటి చుక్క కనబడితే మా సూత్రం దాన్ని గంటలో భాగం అనుకుంటుంది. అంటే అరగంట. సవారమ్మకు వంతుకు ఇరవై నిమిషాలు పోయాయి. వారానికి రెండు వంతులు, ఆరు వారాలు.

పది మళ్ళలో ఆరు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

పట్టీ అంతా చదివాక ఇంకో సంగతి తెలిసింది. మూడు గంటల వంతున్న పై తూము పెద్దాసామికి ఏ నష్టమూ లేదు. 3:00కు ఒక చుక్క తీసినా అది మూడే. రెండు గంటల వాళ్ళకు నష్టం లేదు, గంట వాళ్ళకు లేదు. పోయిందల్లా నిమిషాల్లో బతికే వాళ్ళకు. పందొమ్మిది మంది, ముప్పాతిక ఎకరమో ఎకరమో ఉన్నవాళ్ళు. నిమిషాలు తగ్గాక పట్టీ నాలుగింటికే అయిపోతోంది, పంపులు ఆరింటిదాకా నడుస్తాయి. ఆ మిగిలిన నీళ్ళు ఏమవుతున్నాయని లష్కర్‌కు ఫోన్ చేసి అడిగాను. "పై తూముకు ఇడుస్తున్నమ్మా, కాగితంల ఎవల పేరూ లేదు గదా" అన్నాడు. పెద్దాసామి మా ఆఫీసుకు ఏ సోమవారమూ రాలేదు.

సారు భోంచేసి వచ్చాడు. నేను నా కుర్చీలోంచి లేవకుండానే అడిగాను:

"సార్, టీ పెట్టిండ్రా?"

వరండాలోంచి చాచా గొంతు ఎత్తబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

సారు వచ్చి నా వెనక నిలబడ్డాడు. పట్టీ చూశాడు. ఆ నిడివి వరుస మీద వేలు పెట్టి పైనుంచి కిందికి మెల్లగా తెచ్చాడు. చివర దాకా వచ్చాక "వచ్చే వారం నుంచి సరిచేద్దాం. ఎవరికి చెప్పకు" అన్నాడు.

"ఆమె చేను సార్?"

"వచ్చే వారం నుంచి అన్న గదా."

నేను ఆయన మీద పెంచుకున్న పగ అంతా ఆ క్షణంలో నీరుగారిపోయింది. ఆయన ఏడుస్తాడనో, వణుకుతాడనో నేను ఎదురుచూశాను. ఆయన పోయి కుర్చీలో కూర్చుని నోట్లో వక్కపలుకు వేసుకున్నాడు.

కానీ సవారమ్మ వచ్చే వారం దాకా ఆగలేదు. గద్వాలలో అర్జీలు తీసుకునే చోటికి పోయి ఎవరితోనో రాయించి ఇచ్చింది. మూడో రోజుకు పై ఆఫీసు నుంచి మాకు కాగితం వచ్చింది: పొరపాటుకు బాధ్యులెవరో తెలపండి.

సారు నన్ను పిలిచాడు. "రాయమ్మా" అన్నాడు. ఆయన చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను. "సదరు పొరపాటు ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్ యొక్క అజాగ్రత్త వలన జరిగినదని..."

నా వేళ్ళు ఆగాయి. ఆ ఆఫీసులో ఆపరేటర్ని నేనొక్కదాన్నే. ఏప్రిల్‌లో నా కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. ఆ వాక్యం ఒక్కటి చాలు, రాయకపోవడానికి. నా మెడకు తాడు నాతోనే పేనిస్తున్నాడు, అదీ నా ముఖం చూడకుండా, కిటికీలోంచి మోదుగు చెట్టును చూస్తూ.

"ఆపినవేంది?" అన్నాడు.

కీబోర్డు మీదినుంచి చేతులు తీశాను. "సార్, ఎప్పుడు జరిగిందో టైం గూడ రాయాల్నా? ఫైల్ కింద ఉంది. శనివారం పదమూడు యాభై రెండు. మీరే రాసిండ్రు."

సారు లేచి వచ్చాడు. ఫైలు తెరిచి అట్టడుగుకు వెళ్ళాడు. ఆ వరుస మీద కర్సరు మిణుకుమిణుకుమంటోంది. మామూలు అక్షరాల ఫైలు అది. ఒక వరుస చెరిపితే మచ్చ కూడా మిగలదు. ఒక్క మీట. ఆయన వేలు ఆ మీట మీదే ఉంది. నాకు తెలిసి అయిదు నిమిషాలు అలా నిలబడ్డాడు. రోజూ హాజరు పుస్తకంలో పదకొండున్నరను పదిగా రాసే మనిషి, ఆ వరుస మాత్రం చెరపలేకపోయాడు. ఎందుకో నేను అడగలేదు. అడిగితే ఏదో గడి పేరు చెప్పేవాడు.

"ఆ ఆపరేటర్ ముక్క తీసెయ్. పొరపాటు నాది అని రాయి" అన్నాడు.

రాశాను. ఒక్క వాక్యంతో ఆగి ఉంటే ఆయన మీద నాకు గౌరవం పుట్టేదేమో. ఆగలేదు. పొరపాటు తనదే గానీ, సూత్రం మాత్రం సరైనదని, అక్షరాల పట్టీలో లోపమేమీ లేదని, అసలు గంటలను పాయింట్లలో అడగడమే అశాస్త్రీయమని రెండు పేజీలు చెప్పి రాయించాడు. పై ఆఫీసులో ఆ రెండు పేజీలు ఎవరూ చదవలేదని తర్వాత తెలిసింది. మొదటి వాక్యం చదివారు. ఇంక్రిమెంటు ఆపారు.

ఆ సాయంత్రమే ఆయన కొత్త పట్టీ గీశాడు. పందొమ్మిది పేర్లు, ఒక్కొక్కరికి ఎన్ని వంతుల్లో ఎన్ని నిమిషాలు పోయాయో. సూత్రం చివర పెద్ద టీ పెట్టి, పెట్టానా లేదా అని నన్ను మూడుసార్లు చూడమన్నాడు. సవారమ్మ వరుసలో నాలుగు గంటలు తేలింది.

"ఆదివారం వంతులుండవు. పంపు నడిపిద్దాం. ముందు నాలుగు గంటలు ఆమెకు ఇచ్చేద్దాం, తక్కినోళ్ళకు వచ్చే ఆదివారాలు" అన్నాడు.

"ఒక్కరోజేనా సార్? ఎకరం గూడ లేదు ఆమెకు."

"ఆమె టైం ఆమెకు ఇయ్యాలె గదమ్మా."

పట్టీలో నాలుగు గంటలు ఒకే గడిలో పడ్డాయి కాబట్టి చేనులో కూడా ఒకేసారి పడాలని ఆయన లెక్క. ఆ శనివారం ఆయన కోడేరు పోలేదు. నన్ను కూడా ఆదివారం రమ్మన్నాడు, రాసుకోవడానికి. ఎనిమిదింటికి తూము తెరుస్తామని సవారమ్మకు కబురు పంపి, తొమ్మిదీ పదికి బండి దిగాడు. ఫిబ్రవరి ఆఖరు, ఎండ అప్పటికే చురచురలాడుతోంది.

చేనులో తూము వైపు ఆరు మళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆ గట్టు దాటగానే నాలుగు మళ్ళు గోధుమ రంగులో, ఆకు ముడుచుకుని, పట్టుకుంటే పొడి అయ్యేలా ఉన్నాయి. ఎవరో తాడు పట్టి గీత గీసినట్టుంది. సారు ఆ గీత దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాడు. పాఠం చెప్పని సారును చూడడం నాకదే మొదటిసారి.

లష్కర్ తూము ఎత్తాడు. సవారమ్మ పార పట్టుకుని ఆరు మళ్ళూ తిప్పింది. గట్టు పక్కన నాలుగు వంకాయ చెట్లుంటే వాటికీ పెట్టింది. ఎండిన మళ్ళ వైపు చూడలేదు. నలభై నిమిషాలు గడిచాయి. పార భుజాన వేసుకుని తూము దగ్గరకు వచ్చింది.

"మూయమను సారూ. చాలు."

"ఇంక మూడు గంటల ఇరవై నిమిషాలున్నయి నీకు" అన్నాడు సారు, ఫోను చూపిస్తూ.

"ఏం జేసుకోవాలె? సచ్చిన మళ్ళకు తాపాల్నా? ఉన్న మళ్ళు గూడ కుళ్ళిపోతయి."

"నీ టైం గదమ్మా అది."

"నువ్వే ఉంచుకో సారూ."

లష్కర్ తూము దించాడు. అప్పుడు గట్టు మీద మోటారు సైకిలు చప్పుడైంది. పెద్దాసామి జీతగాడు. బండి దిగకుండానే, "సార్, ఆమె ఒద్దంటుంది గదా. పంపు ఎట్లనూ నడుస్తుంది, మా తూముకు ఇడువమనుండ్రి" అన్నాడు.

సారు తూము చక్రం మీద చెయ్యి వేశాడు. "ఒంటి గంటా పది దాంక గిది ఆమె టైం. ఎవ్వలకు ఇయ్య. పై తూము గూడ లేవదు."

"ఊకెనే కిందికి పోతయి గద సార్ నీళ్ళు."

"పోనియ్."

జీతగాడు ఫోన్లో ఎవరితోనో మాట్లాడి, కాసేపు చూసి, వెళ్ళిపోయాడు. నీళ్ళు ఎవరి చేనుకూ ఎక్కకుండా కాలువలో కింది ఊళ్ళ వైపు పోతున్నాయి. లష్కర్ గట్టు కింద తుమ్మచెట్టు నీడకు చేరాడు. సారు మాత్రం మూసిన తూము పక్కన, ఎండలో, ఒక చేత్తో చక్రం, ఒక చేత్తో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. నెత్తిన ఏమీ లేదు. చెమట చెవుల వెనకనుంచి కారుతోంది. రాసుకోవడానికి నన్ను పిలిచాడు గానీ, రాయడానికి ఏమీ లేదు. అది నిజాయితీయో మొండితనమో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. కాసేపు చూసి, ఆకలేసి, నేనూ నీడకు పోయి టిఫిన్ డబ్బా తెరిచాను.

సవారమ్మ ఇంటికి బయల్దేరి, గట్టు దిగబోతూ వెనక్కి తిరిగి చూసింది. లష్కర్‌ను కేకేసింది:

"ఓ తమ్మీ, గాయనను జర నీడకు జరుగమనవయ్యా. మాడిపోతే మల్ల కొత్త సారొస్తడు. గా కొత్తాయన ఇంకెన్ని మళ్ళు ఎండబెడ్తడో!"